కలుపు కనిపించిందని మడి రద్దు చేయకండి: విశాఖ కాలనీ సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని కాలనీ సంక్షేమ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, అపార్ట్‌మెంట్ కమిటీల పెద్దలకు, నగరంలో ఉద్యానవనాల పని చూసే అధికారులకు నమస్కారం.

కాలనీలో ముళ్ళపొదలు పట్టి చెత్త పోగవుతున్న ఖాళీ స్థలాన్ని బాగుచేసి, మడులుగా కొలిచి, ఆసక్తి ఉన్న కుటుంబాలకు కూరగాయలు పండించుకోమని ఇవ్వడం గొప్ప పని. మధురవాడ, పెందుర్తి, గాజువాక, ఎక్కడైనా సరే, అలాంటి తోట ఒక్కటి నిలబడితే మాకు సంతోషమే. అయితే ఆ తోటను మొదటి వానాకాలంలోనే ఖాళీ చేయించగల నిబంధన ఒకటి ఇలాంటి పథకాల్లో తరచుగా రాసుకుంటారు. మడిలో కలుపు కనిపిస్తే నోటీసు, పదిహేను రోజుల్లో శుభ్రం కాకపోతే ఆ మడి ఇంకొకరికి. ఈ ఒక్క నిబంధన మార్చమని అడగడానికే ఈ లేఖ. దాని బదులు ఏం రాసుకోవాలో, మడి చేతికి ఇచ్చేముందు నేలకు ఏం చేయాలో వివరంగా చెబుతాం.

కలుపున్న మడి అంటే పట్టించుకోని మడి అనే నమ్మకం మీద ఆ నిబంధన నిలబడి ఉంది. అది నిజం కాదు. ఏళ్ళ తరబడి బీడు పడిన నేలలో పావిలి, ముళ్ళ తోటకూర, గడ్డి చామంతి, వయ్యారిభామ గింజలు పొరలు పొరలుగా నిల్వ ఉంటాయి. ఈ చిన్న గింజల్లో చాలావాటికి మొలకెత్తడానికి తడితో పాటు వెలుతురు కూడా కావాలి. లోపల చీకట్లో పడి ఉన్నంతకాలం అవి ఊరుకుంటాయి. పార వేసి మట్టి తిరగేసిన రోజున పైకొస్తాయి, వారంలో పచ్చగా లేస్తాయి. అంటే ఎంత శ్రద్ధగా తవ్వితే అంత కలుపు మొలుస్తుంది. కొత్తగా మడి తీసుకుని చెమటోడ్చి తవ్విన మనిషికి మీ నోటీసు అందేది సరిగ్గా అప్పుడే.

దానికి తోడు మడులు పంచే రోజు కూడా తప్పుగా కుదురుతోంది. జూన్ 5 పర్యావరణ దినోత్సవం, లేదా వానలు పడ్డాక మొక్కలు నాటే కార్యక్రమం చూసుకుని ప్రారంభోత్సవం పెట్టుకోవడం మామూలే. మృగశిర కార్తె ప్రవేశించే వేళ అది. నేలలో ఉన్న ప్రతి గింజా, ప్రతి దుంపా తొలకరి తడికోసం కాచుకుని ఉంటాయి. ఆ వారంలో బెండ గింజ వేస్తే, బెండ రెండాకులు వేసేసరికి కలుపు జానెడు లేస్తుంది. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం మాత్రమే తోటకు రాగలిగిన కుటుంబం ఆ పోటీలో నెగ్గలేదు. ఒక సెంటు మడిని జూలైలో ఒక్క మనిషి చేత్తో శుభ్రంగా ఉంచాలంటే ప్రతి వారం ఒక పూట పూర్తిగా పెట్టాలి. వరసగా రెండు ఆదివారాలు ముసురు పడితే ఆ లెక్క కూడా చాలదు.

ఇక తుంగ. కూరగాయల మళ్ళను దీనంతగా ఏడిపించే కలుపు ఇంకొకటి లేదు కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాం. పైకి గడ్డిలా కనిపించే ఆకులను లాగితే పుటుక్కున తెగి చేతికొస్తాయి, మడి శుభ్రమైనట్టు అనిపిస్తుంది. అసలు మొక్క కిందే ఉంటుంది. నల్లటి చిన్న దుంపలు సన్నటి కాడలతో ఒకదానికొకటి గొలుసుగా కలిసి, ఎక్కువ భాగం పై జానెడు మట్టిలో, కొన్ని అంతకన్నా లోతున పరుచుకుని ఉంటాయి. ఒక్కో దుంపకు అనేక కళ్ళుంటాయి. పైన మొలకను తెంచితే ఇంకో కన్ను లేస్తుంది. ఆకు పైకొచ్చిన మూడు వారాలకు కొత్త కాడలు పాకడం మొదలుపెడతాయి, రెండు నెలలు నిండేలోపే కొత్త దుంపలు తయారవుతాయి. కాబట్టి నెలకోసారి కలుపు తీసే మడిలో తుంగ తగ్గదు, పెరుగుతుంది. అదే మడిలో పది పన్నెండు రోజులకోసారి మొలకను దోకుడుపారతో కోసేస్తే, దుంపలో ఉన్న నిల్వ కరిగిపోయి ఒక సీజను తిరిగేసరికి చెప్పుకోదగ్గంత పలచబడుతుంది. రెండు పద్ధతుల్లోనూ మడి చూడ్డానికి ఒకేలా ఉంటుంది. నెలకోసారి తనిఖీకి వచ్చే కమిటీకి ఆ తేడా కనిపించదు.

నల్ల మల్చింగ్ షీటు పరిస్తే తుంగ పోతుందని అమ్మేవాళ్ళు చెబుతారు. నమ్మకండి. చీకట్లో తుంగ మొలక సూదిలా ముడుచుకునే ఉండి షీటును పొడుచుకుని బయటికి వస్తుంది. పారదర్శకమైన పాలిథిన్ కింద అలా కాదు. వెలుతురు తగలగానే ఆకు షీటు కిందే విచ్చుకుంటుంది, ఆ వేడికి మాడుతుంది. దుంప మాత్రం వెంటనే చావదు.

దుంపను నిజంగా చంపేది ఎండబెట్టడం. గునపంతో అడుగు లోతు పెళ్ళగించి, గడ్డలు చిదిపి, దుంపలను ఏరి, సిమెంటు గచ్చు మీదో రేకు మీదో పలచగా పరిచి రెండు వారాలు ఎండనివ్వాలి. విశాఖలో ఇంకో రెండు మాటలు గుర్తుంచుకోవాలి. ఇక్కడ వేసవిలో ఎండ ఉన్నా గాలిలో తేమ ఎక్కువ, కాబట్టి లోపలి ఊళ్ళలో ఎండినంత తొందరగా దుంప ఇక్కడ ఎండదు. మే నెలలో సాయంత్రం ఉరిమి ఒక జల్లు పడితే ఎండుతున్న దుంప మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది, కప్పడానికి టార్పాలిన్ దగ్గర ఉంచుకోవాలి. ఏరిన దుంపలను మడి మూలన గానీ కంపోస్టు గుంటలో గానీ వేస్తే పడిన శ్రమంతా వృథా.

ఇంత ఎందుకు చెబుతున్నామంటే, కొత్త స్థలం సిద్ధం చేయడానికి ట్రాక్టరు తెప్పించి రోటావేటర్ (తిరిగే కత్తులతో మట్టిని చిన్నగా కొట్టే పరికరం) వేయించడమే సులువనిపిస్తుంది. పూత దశలో ఉన్న మామూలు కలుపుకైతే మంచిదే. తుంగ, గరిక ఉన్న నేలలో అది నాటు వేసినట్టే. రోటావేటర్ కత్తులు దుంపల గొలుసును తెంచి స్థలమంతా సమంగా చల్లుతాయి. ఒక మూల ఉన్న తుంగ రెండు నెలల్లో అన్ని మళ్ళల్లోనూ ఉంటుంది. గరిక కాడ ముక్కలైతే ప్రతి కణుపూ ఒక మొక్క అవుతుంది. ముందు తుంగ ఉన్న చోట్లకు సున్నంతో గుర్తులు పెట్టి, వాటిని మనుషులతో తవ్వించి ఏరించి, మిగతా స్థలంలోనే ట్రాక్టరు తిప్పించండి. ఎక్కడెంత ఉందో తెలుసుకోవడానికి పెద్ద పరీక్షలేమీ అక్కర్లేదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, జానెడు లోతు గొయ్యి నాలుగైదు చోట్ల తీసి దుంపలు లెక్కపెట్టండి. ఒక్క గోతిలో పదికి మించి దొరికితే ఆ భాగాన్ని మొదటి ఏడాది ఎవరికీ కూరలకు ఇవ్వకండి. చిలగడదుంపో, జీలుగో (కోసి మట్టిలో కలిపే పచ్చిరొట్ట పైరు) వేసి సంఘమే చూసుకోవాలి.

కలుపు మందు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. కలుపు కనిపిస్తే రద్దు అనే భయం ఉన్నచోట, రాత్రికి రాత్రి డబ్బా తెచ్చి కొట్టేవాళ్ళు తయారవుతారు. మీ నిబంధన ప్రకారం అందరికన్నా శుభ్రమైన మడి వాళ్ళదే అవుతుంది. గ్లైఫోసేట్ ఆకు మీద పడితే మొక్కంతా పాకుతుంది, పక్క మడిలో టమాటా మీదకు గాలికి తుంపర వెళ్తే అదీ పోతుంది. మన దగ్గర మధ్యాహ్నం సముద్రపు గాలి లేచే వేళ తుంపర ఎటు వెళ్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. 2,4-డి ఇంకా దారుణం, చాలా తక్కువ మోతాదు సోకినా టమాటా, వంగ, మిరప ఆకులు దారాల్లా సాగి మెలికలు తిరుగుతాయి. అది వైరస్ అనుకుని మళ్ళీ ఇంకో మందు కొడతారు. గ్లైఫోసేట్‌ను లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలు తిరిగే, చేతికందిన ఆకుకూర కోసుకుని వండుకునే ఉమ్మడి తోటలో కలుపు మందుకు చోటే ఉండకూడదు. ఉప్పు నీళ్ళు చల్లే చిట్కా కూడా వద్దు. రోడ్డు పక్క వయ్యారిభామకు అది పనికొస్తుందేమో గానీ, మడిలో ఆ ఉప్పు మట్టిలోనే ఉండిపోయి తర్వాత వేసిన కూర మొక్కను కాల్చేస్తుంది.

మీ చేతుల్లోనే ఉన్న ఇంకో తలుపు గురించి. కలుపు ఎక్కువగా వచ్చేది గాలికి కాదు, లారీలో. పల్లం పూడ్చడానికి తోలించే మట్టి, చెరువు పూడిక, ఇళ్ళ పునాదుల మట్టి తుంగ దుంపలకు పుట్టిల్లు. పశువుల ఎరువు మాగకుండా తెస్తే పశువు తిన్న ప్రతి గడ్డి గింజా దాంతో వస్తుంది. వర్మీ కంపోస్టు మంచిదే అయినా అది వేడెక్కదు కాబట్టి అందులో పడిన గింజలు చావవు. గింజలు చావాలంటే కుప్ప ఏ వైపు చూసినా కనీసం మూడున్నర అడుగులుండాలి, లోపలి వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలవాలి, అంచులు లోపలికి వచ్చేలా మూడుసార్లైనా తిరగెయ్యాలి. థర్మామీటరు లేకపోతే కుప్ప మధ్యలో ఇనుప ఊచ గుచ్చి పది నిమిషాలాగి తీయండి, చేత్తో పట్టుకోలేనంత కాలితే సరైన వేడి ఉన్నట్టు. ఎరువు గానీ మట్టి గానీ కొనేముందు నాలుగు చోట్ల నుంచి గుప్పెడేసి తీసి, ట్రేలో రెండంగుళాలు పరిచి, నీళ్ళు చల్లి, ఎండ తగిలేచోట రెండు వారాలు ఉంచండి. ఏం మొలుస్తుందో చూశాకే లోడు దింపించుకోండి. ఈ ఒక్క పరీక్ష తప్పనిసరి చేస్తే మీ తోటలో సగం గొడవలు పుట్టవని మా నమ్మకం.

మరి మడి ఎప్పుడు ఇవ్వాలి? ఉగాది వెళ్ళిన వెంటనే. ఏప్రిల్, మే రెండు నెలలూ పంటకు కాదు, నేలకు కేటాయించాలి. తుంగ ఏరిన తర్వాత మట్టిని చదును చేసి, అడుగు లోతు దాకా తడిసేలా నీళ్ళు పెట్టి, 25 నుంచి 50 మైక్రాన్ల పారదర్శక పాలిథిన్ షీటును నేలకు అంటుకునేలా పరిచి, అంచులు మట్టితో మూసెయ్యాలి. నాలుగు నుంచి ఆరు వారాలు కదపకూడదు. షీటు కింద తడి లేకపోతే వేడి లోపలికి దిగదు, అంచు ఒక్కచోట లేచినా ఆ చుట్టూ గింజలు బతుకుతాయి. దీంతో పై రెండు మూడంగుళాల్లో ఉన్న ఒక్క ఏడాదే బతికే కలుపు మొక్కల గింజలు చాలావరకు చస్తాయి. పావిలి గింజ మొండిది, కొంత మిగులుతుంది. తుంగ దుంపకు, లోతు గరికకు ఇది చాలదు. షీటు తీశాక లోతుగా తవ్వితే మాత్రం కిందున్న బతికిన గింజలు పైకొచ్చి చేసినదంతా పాడవుతుంది.

షీటుకు డబ్బు లేని సంఘాలు దొంగ తడి పద్ధతి చేయవచ్చు. మడి సిద్ధం చేసి, విత్తకుండా తడి పెట్టి పది, పన్నెండు రోజులు ఆగాలి. మొలిచిన కలుపును దోకుడుపారతో అంగుళం లోతు మించకుండా గీకెయ్యాలి. మళ్ళీ తడి, మళ్ళీ గీకుడు. రెండోసారి తర్వాత విత్తనం వేస్తే పై పొరలో పోటీ చాలావరకు తగ్గి ఉంటుంది.

తొలకరి పడగానే కూరగాయలకు తొందరపడకుండా జీలుగ గానీ జనుము గానీ చల్లించండి. ఎరువు కోసమైతే ఎకరాకు 10, 12 కిలోలు సరిపోతుంది, అంటే సెంటుకు 100 నుంచి 120 గ్రాములు. కలుపును అణచడానికైతే దానికి రెట్టింపు, సెంటుకు పావు కిలో చల్లాలి. జీలుగ ముందురోజు రాత్రి నానబెడితే మొలక ఒక్కసారిగా వస్తుంది. అది గుబురుగా లేచి నేలకు నీడ పడితే తుంగ నీరసిస్తుంది, నీడంటే తుంగకు గిట్టదు. 45, 50 రోజులకు పూత మొదలయ్యే వేళ కోసి మట్టిలో కలపండి, లేదా కోసి అక్కడే పరవండి. పూత దాటితే కాండం పీచుబారి త్వరగా కుళ్ళదు. ఈ లోపు చేయి ఊరుకోని కుటుంబాలు ఒక మూల బెడ్డు మీద తోటకూర, గోంగూర వేసుకోవచ్చు. విశాఖలో మొదటి ఏడాది అసలు పంట అక్టోబరు వానలు తగ్గాక, కార్తీకం నుంచి మాఘం దాకా. చలికాలంలో కలుపు మందగిస్తుంది, టమాటా, వంగ, చిక్కుడు మాత్రం బాగా కాస్తాయి. కొత్తవాళ్ళకు ధైర్యం వచ్చేది ఆ పంటతోనే.

మడి సైజు కూడా తగ్గించమని అడుగుతున్నాం. సెంటు స్థలం చూడ్డానికి చిన్నదే, కలుపు తీసేవాడికి పెద్దది. నీళ్ళ లెక్క తీసుకున్నా అంతే. వేసవిలో సెంటు మడికి రోజుకు ఇంచుమించు 200 లీటర్లు కావాలి, 15 లీటర్ల బకెట్లు పదమూడు. మొదటి ఏడాది పావు సెంటు ఇవ్వండి. నాలుగడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవుతో రెండు ఎత్తు బెడ్లు, మధ్యలో అడుగున్నర దారి వేస్తే ఇంచుమించు పావు సెంటు అవుతుంది. నాలుగడుగుల వెడల్పు ఎందుకంటే రెండు పక్కల నుంచీ చేయి మధ్యకు అందుతుంది, బెడ్డు మీద కాలు పెట్టే పని ఉండదు. తడిసిన ఎర్రమట్టిని తొక్కితే అది అణిగి, ఎండాక గునపానికి కూడా లొంగదు, అందులోంచి కలుపు వేరుతో సహా రాదు. బెడ్డు ఎత్తు అరడుగు నుంచి ముప్పావు అడుగు ఉండాలి. కొండవాలు కాలనీల్లో బెడ్లను వాలుకు అడ్డంగా వేయించండి, నిలువుగా వేస్తే ఒక్క పెద్ద వానకే పై మట్టి డ్రైనేజీలోకి పోతుంది.

ఆ మాటకొస్తే బోసి నేల కలుపున్న నేలకన్నా పెద్ద నష్టం. మీ నిబంధనకు భయపడి మట్టి నున్నగా గీకి ఉంచిన మడి, వాన దెబ్బకు పైన పెచ్చు కట్టి, గాలి ఆడక, విత్తనం మొలవక చెడుతుంది. నేల ఎప్పుడూ కప్పి ఉండాలి. ఎండాకు, వరిగడ్డి, అనకాపల్లి వైపు నుంచి తెప్పించుకుంటే చెరకు ఆకు చెత్త, ఏదైనా మూడంగుళాల మందాన పరవాలి. రెండు బెడ్లకు ఎనిమిది, తొమ్మిది పెద్ద గోతాల ఆకు పడుతుంది, నెలన్నరకు సగానికి అణుగుతుంది కాబట్టి మళ్ళీ వెయ్యాలి. మొక్క మొదలుకు రెండంగుళాలు ఎడం వదలకపోతే కాండం కుళ్ళడం, చెదలు పట్టడం తప్పదు. వరిగడ్డిలో తాలూ గింజా మిగిలి ఉంటే వరి మొలుస్తుంది, దులిపి వాడుకోవాలి. తీరం వెంబడి సరుగుడు తోటల కింద రాలిన ఆకు దారులకు చాలా మేలు, మెల్లగా కుళ్ళుతుంది, కింద మొలకను సులువుగా లేవనివ్వదు. కాలనీలో ఊడ్చిన ఎండాకులను తగలబెట్టకుండా తోట గేటు దగ్గర పోయిస్తే చాలు, కప్పడానికి వేరే ఖర్చు ఉండదు. అందులో వయ్యారిభామ కలవకుండా ఊడ్చేవాళ్ళకు ఒకసారి చూపించండి.

గరిక దారుల్లోంచే బెడ్లలోకి పాకుతుంది. బెడ్డు అంచున జానెడు లోతు సన్న కాలవ తీసి, పదిహేను రోజులకోసారి అందులో వేలాడే కాడలను కొడవలితో తెంపితే లోపలికి రాదు. అది దాటి వచ్చాక తీయడం పదింతల పని.

మొదటి ఏడాది ఏం వేయాలో కూడా చెప్పి పంపండి. కొత్తిమీర, ఉల్లి, క్యారెట్ కలుపు నేలలో వేయకూడదు, అవి పుట్టడమే నెమ్మది, పుట్టాక నీడ ఇవ్వవు. విత్తనం వెదజల్లితే ఏది పంటో ఏది కలుపో తెలియదు కాబట్టి తాడు పట్టి వరసల్లోనే వేయాలి. బెండ వరసల మధ్య అడుగున్నర, మొక్కల మధ్య అడుగు. వంగకు రెండడుగులు. టమాటా, వంగ, మిరప నారు పెంచి నాటితే కలుపు మీద నాలుగు వారాల ముందడుగు దొరుకుతుంది. బొబ్బర్లు, గుమ్మడి, ఆనప, చిలగడదుంప తీగలు తొందరగా నేలను కప్పేస్తాయి. ఏ కూరైనా మొదటి 30 నుంచి 45 రోజులు కలుపు లేకుండా కాపాడితే, ఆ తర్వాత మొలిచింది దిగుబడికి పెద్దగా దెబ్బ తీయదు. ఈ గడువు మీ కమిటీకి తెలిస్తే చాలు, మూడో నెల మడిలో అక్కడక్కడా ఉన్న గడ్డిని చూసి కోపం రాదు.

అన్ని కలుపులూ ఒకటి కాదు. వయ్యారిభామను పూతకు రాకముందే, గ్లవ్స్ వేసుకుని, వేరుతో పీకాలి. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది, దాని పుప్పొడి, ఆకు తాకిడి కొందరికి చర్మం దద్దుర్లు, ఆయాసం తెస్తాయి. ఉమ్మెత్త, బిళ్ళగన్నేరు వంగ మొక్కకు వెర్రి తెగులు తెచ్చే సూక్ష్మజీవికి ఆశ్రయమిస్తాయి, దీపపు పురుగులు దాన్ని మోసుకొస్తాయి. బెండలో పల్లాకు తెగులు, టమాటాలో ఆకుముడత తెచ్చే తెల్లదోమ గట్టు మీది కలుపులో బతుకుతుంది. కాబట్టి గట్ల మీద, ఫెన్సింగ్ వెంబడి ఉన్న కలుపే ముందు తీయించాల్సింది, అది ఎవరి మడిలోనూ లేదు, సంఘం బాధ్యత.

ఇంకోవైపు పావిలి, గలిజేరు, పొన్నగంటి, చెంచలి, గురుగు కూడా మీ నోటీసు ప్రకారం కలుపే. పప్పులో వేస్తే కమ్మటి కూరలు. మురుగు కాలవ పక్క మొలిచినవి, మందు కొట్టిన చోటివి తప్ప మిగతావి గింజ పట్టకముందు కోసుకు తింటే మడీ శుభ్రం, కూరా దక్కుతుంది. వినాయక చవితి పత్రిలో గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త మూడూ ఉన్నాయి. చవితి ముందు రోజు కాలనీ పిల్లల్ని పెద్దల తోడుతో తోటకు పిలిస్తే సగం గట్టు శుభ్రమవుతుంది. ఉమ్మెత్త విషం కాబట్టి దాన్ని మాత్రం పెద్దవాళ్ళే కోయాలి.

ఇప్పుడు నిబంధన. పాత వాక్యం కొట్టేసి ఇలా రాసుకోమని అడుగుతున్నాం: 'మడిలో ఏ కలుపు మొక్కనూ గింజ పట్టనివ్వకూడదు. తుంగ, గరిక పక్క మడిలోకి పాకనివ్వకూడదు. పంట లేనప్పుడు నేలను ఆకుతోనో పచ్చిరొట్టతోనో కప్పి ఉంచాలి. కలుపు మందు వాడకూడదు.' తనిఖీకి వచ్చేవాళ్ళు మడి పచ్చగా ఉందా అని చూడక్కర్లేదు. వంగి, పూత దాటి గింజ పట్టిన కలుపు మొక్క ఉందా అని వెతకాలి. దొరికితే నోటీసు ఇవ్వండి, మేమూ సమర్థిస్తాం, ఎందుకంటే రాలిన గింజ ఆ ఒక్క మడితో ఆగదు. అప్పటికీ రద్దు చివరి మెట్టు. ముందు సగం మడిని ఆకుతో కప్పించి సంఘం ఆధీనంలో పెట్టుకుని, మిగతా సగం ఆ కుటుంబానికే వదలండి. చేయగలిగినంత స్థలం చేతిలో ఉంటే చాలామంది నిలదొక్కుకుంటారు. ప్రసవాలు, ఆసుపత్రులు, పరీక్షలు ఉన్న ఇళ్ళవాళ్ళు నెల రోజులు రాలేమని ముందే చెబితే, పక్క మడివాళ్ళు ఆ మడిలో కలుపు తలలు కోసే ఏర్పాటు రాసుకోండి. కొడవలితో కోసి అక్కడే పరచడానికి పావు సెంటుకు పావుగంట చాలు, వేరు రాకపోయినా గింజ ఆగుతుంది.

తుపాను కాలానికి వేరే మాట రాసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన ఊరు మనది, అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం వార్త మనకు కొత్త కాదు. పెద్ద వాన వెలిశాక మూడు వారాలు తనిఖీలు ఆపండి. నీళ్ళు నిలిచిన మడిలోకి కలుపు తీయమని మనుషుల్ని దింపితే మేలు కన్నా కీడే ఎక్కువ. ముందు కాలవలు తెరిచి నీళ్ళు పోనివ్వాలి. సముద్రపు తుంపర పడిన ఆకులను మంచినీళ్ళతో కడగాలి. వాలిన పందిళ్ళు ఎత్తాలి. మట్టి పదునుకొచ్చిన రోజున, అంటే పిడికిలి బిగిస్తే ముద్దయి వేలితో తాకితే విడిపోయే రోజున, అందరూ కలిసి దిగితే కలుపు వేరుతో సహా సులువుగా వస్తుంది. అలాంటి రోజులు వానకు వానకూ మధ్య రెండో మూడో ఉంటాయి. ఆ రోజు ఉదయం కాలనీ వాట్సాప్ గ్రూపులో 'ఈరోజు పదును ఉంది' అని ఒక్క మెసేజ్ పెట్టడానికి తోట తెలిసిన ఒక మనిషికి బాధ్యత అప్పగించండి. నెల నెలా తిరిగే తనిఖీ కమిటీ కన్నా ఆ మెసేజ్ ఎక్కువ కలుపు తీయిస్తుంది.

చివరిగా కొన్ని వస్తువులు. ఇరవై మడులున్న తోటకు రెండు గునపాలు, నాలుగు దోకుడుపారలు, నాలుగు కొడవళ్ళు, పది బొరిగలు, ఒక చక్రాల బండి, దుంపలు ఎండబెట్టడానికి రెండు రేకులు, ఒక టార్పాలిన్, ఇవన్నీ పెట్టుకోవడానికి తాళం వేసే పెట్టె. నీళ్ళ కుళాయి ఏ మడికీ వంద అడుగులు మించి దూరం ఉండకూడదు, దూరమైతే మొక్క మొదట్లో పోయాల్సిన నీళ్ళు పైపుతో మడంతా చల్లేస్తారు, ఆ తడికి దారిలో కూడా కలుపు లేస్తుంది. డ్రిప్పు పెట్టగలిగితే ఇంకా మంచిది, తడి మొక్క దగ్గరే ఉంటుంది.

వచ్చే ఉగాదికి కొత్త మడులు పంచే సంఘాలు ఫిబ్రవరిలోనే గోతులు తీసి తుంగ లెక్క చూసుకోండి, మార్చిలో మనుషుల్ని పెట్టి ఏరించండి, షీటో దొంగ తడో ఏది చేస్తారో సర్వసభ్య సమావేశంలో తేల్చుకోండి. ఇప్పటికే పాత నిబంధన కింద నోటీసులు ఇచ్చి ఉంటే, ఈ వానాకాలం అయ్యేదాకా వాటిని ఆపమని, రద్దయిన మడులను సగం సైజులో అదే కుటుంబాలకు తిరిగి ఇమ్మని కోరుతున్నాం.

ఇట్లు,
విశాఖపట్నంలో పెరటి మడులు, ఉమ్మడి తోటలు సాగు చేస్తున్నవాళ్ళం